నూట అరవై అయిదా, నూట డెబ్బై అయిదా?

ఆదివారం, మార్చి 4

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అబ్బాయీ, మీ సైకిలూ క్షేమం. మీరూ మామయ్యగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. "మీ సైకిలూ క్షేమం" అని రాశాక కలం ఆపి కాసేపు ఆలోచించాను. కొట్టేయక్కర్లేదనిపించింది, ఎందుకంటే అది నిజంగానే క్షేమం. క్షేమం కానిది నా మోచెయ్యి.

కంగారు పడకండి. తోలు లేచింది, అంతే. ఎక్స్‌రే గదిలో పనిచేసేదాన్ని కాబట్టి ఎముకకి ఏమీ కాలేదని నాకు అప్పుడే తెలుసు. అయినా మా డాక్టరమ్మ ఊరుకోక ఫిల్ము తీయించింది. రోజూ ఇంకొకళ్లని "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అనేదాన్ని, ఆ బల్ల మీద నా చెయ్యే పెట్టేసరికి ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో మర్చిపోయాను.

ఇదంతా ఫోనులో చెప్పచ్చు కదా అంటారు. ఫోనులో మీరు సగం మాటకే "సరేలేమ్మా" అని పెట్టేస్తారు. ఆ సరేకి అవునని అర్థమో, ఇక చాలించమని అర్థమో మీ ఇంటి కోడలినై మూడేళ్లయినా తేల్చుకోలేకపోయాను. అందుకే ఉత్తరం.

పడిన చోటు చెబితే మీకే తెలిసిపోతుంది. రోప్‌వే దిగి, సైకిల్ మీద కొండ దిగుతూ చెట్ల మధ్య మలుపులు దాటాక రాళ్లు వరసగా పైకి లేచి ఉంటాయే, మీరు "పళ్లవరస" అని పేరు పెట్టిన చోటు. అక్కడ రెండు రాళ్ల మధ్య ఊపు తగ్గితే ఒక్క తొక్కు తొక్కాలి కదా. తొక్కాను. పెడల్ రాతికి తగిలి టక్కుమంది. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు.

సైకిల్ షాపు చక్రాలాయనకి చెబితే, ఆయన చూడకుండానే "పెడల్ చెయ్యి పొడుగెక్కువైందమ్మా, పొట్టిది వేయించుకో" అన్నాడు. పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే ఆ ఇనప చేతిని క్రాంకు అంటారని, దానికి సైజులుంటాయని, చెయ్యి పొడుగైతే పెడల్ అంతమేర నేలకి దగ్గరగా దిగుతుందని నాకు అప్పుడే తెలిసింది. మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి.

ఇప్పుడు నా సంకటం వినండి. నాకిచ్చేసినా అది మీ సైకిల్. ప్రతి బోల్టూ మీరు ఏరి పెట్టుకున్నది. మీరు కుట్టించుకున్న కోటు ప్రేమగా నాకిస్తే, చేతులు కత్తిరించుకోనా అని అడుగుతున్నట్టుంది నాకు. అడగకుండా మార్చడానికి మనసొప్పదు, అడగడానికి నోరు రాదు.

పోనీ అడిగేద్దామనుకుంటే ఏం అడగాలో కూడా తెలియకుండా పోయింది. చక్రాలాయన వంగి, క్రాంకు మీద అచ్చు చూసి, "నూట అరవై అయిదు మిల్లీమీటర్లు. ఇది పొడుగేం కాదే" అని తల గోక్కున్నాడు. ఇంటికొచ్చాక మీ అబ్బాయి తన స్టీలు టేపు తీసి కొలిచి నూట డెబ్బై అయిదు అన్నాడు. "భూములు కొలిచే సర్వేయర్ని, జానెడు ఇనుము కొలవలేనా" అని ఆయన. "అచ్చు వేసిన కంపెనీవాడికి తెలియదా" అని షాపాయన. మధ్యలో మా సైకిల్ జట్టులో తూనీగ అని ఒకమ్మాయి ఉంది, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. ఆ పిల్ల "ఇవన్నీ పాత లెక్కలక్కా, నూట యాభై అయిదు వేసుకో, మోకాళ్లు హాయిగా ఉంటాయి" అంటుంది. ఇంకొకాయన నా కాలి లోపలి కొలత అడిగి ఏదో గుణించి చూస్తానన్నాడు. ఆ కొలత ఆయనకెందుకివ్వాలని ఊరుకున్నాను.

నెలాఖరున ఆ కొండ మీదే ఆడవాళ్ల సైకిల్ పందెం ఉంది. పేరు ఇచ్చేశాను. మళ్లీ పళ్లవరస దగ్గర పెడల్ తగిలితే ఈసారి తోలుతో పోదేమోనని లోపల భయంగా ఉంది. అసలు మీరు పెట్టించింది ఎంత? దాన్ని మార్చుకోవచ్చా? రెండింటికీ జవాబు రాయండి. సరేలేమ్మా అని మాత్రం రాయకండి.

ఇట్లు,
మీ కోడలు

*

శనివారం, మార్చి 10

చిరంజీవి కోడలికి,

ఆశీస్సులు. మోచేతికి మందు రాస్తున్నావా, గొప్పకి గాలికి వదిలేశావా? కట్టు కట్టుకో.

నీ ఉత్తరం మీ మామయ్య చదివి వినిపించారు. పగలంతా షాపులో కళ్లజోళ్ల అద్దాలు అరగదీసి ఇల్లు చేరేసరికి నా కళ్లకి అక్షరాలు చీమల్లా పాకుతాయి. అందుకని సాయంత్రం చదువులన్నీ ఆయనవే. ఈ జవాబు మాత్రం సెలవు రోజు పొద్దున్నే నా చేత్తో రాస్తున్నాను, అర్థం కాకపోతే తప్పు నాదే.

నేను పెట్టించింది నూట అరవై అయిదు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ సైకిల్ కొన్నప్పుడు ఉన్న పొడుగువి తీయించి మరీ ఇవి వేయించుకున్నాను. మీ మామయ్య కూడా వినగానే "అరవై అయిదే" అన్నారు. పంపుహౌసులో ఏ వాల్వు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. కానీ మీ ఆయన టేపు సంగతి వచ్చిన చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివారు. నీ దస్తూరీ అర్థం కాలేదా అంటే అదేం లేదని, లేచి వెళ్లి నేను కడిగేసిన గిన్నెలే మళ్లీ కడిగారు. రెండు రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతున్నారు. వచ్చే వారం ఏదో ఊళ్లో పంపులు చూసి రావాలట. ఈ వయసులో మగవాళ్లకి ఏదో ఒకటి అవుతూ ఉంటుంది, పట్టించుకోకు.

మా వాడికి చెప్పు, టేపు కొస వంగిపోయి ఉంటుంది, కొత్తది కొనుక్కోమని.

ఇక కోటు చేతులు. కత్తిరించుకో. నీకిచ్చాక అది నీది. నేను వచ్చి బీరువాలో చూసుకునే రకాన్ని కాదు. కాలి కొలతలూ గుణకారాలూ రోడ్డు మీద కూర్చుని తొక్కేవాళ్లకి. మన కొండ మీద నువ్వు కూర్చునేదెంతసేపు? రెండు పెడళ్లూ నేలకి సమంగా పెట్టి, నిలబడి దిగడమే కదా. అలా నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఎంత ఎడం ఉంటే నీ ఒళ్లు నీ మాట వింటుందో, అదే నీ కొలత. అది ఇంకొకరు చెప్పేది కాదు. అరవై అయిదుతో నాకు ఒళ్లు మాట వినేది.

వినేది అన్నానా. అదీ నీకు చెప్పాలి. నేనెందుకు మానేశానో నువ్వెప్పుడూ అడగలేదు, మంచిపిల్లవి. ఆ సైకిల్‌లో ఏ లోపమూ లేదు. నా ఎడమ కాలే నన్ను వదిలేసింది. చివరి ఏడాదంతా తొక్కుతుంటే కుడి కాలు నేల మీదా, ఎడమ కాలు గుంటలోనూ పడ్డట్టుండేది. ఎడమ బూటులో గుడ్డ మడిచి పెట్టుకునేదాన్ని. వ్యాయామాలు చేయించే డాక్టరు తుంటి ఒకవైపు ఒరిగిందన్నాడు, నడుం కండలు పట్టేశాయన్నాడు, చివరికి వయసన్నాడు. తర్వాత ఆ పళ్లవరస దగ్గరే పడ్డాను, నీలాగే. ఆ తర్వాత పైన నిలబడి కిందికి చూస్తే నాది కాని కాలు ఒకటి నాతోపాటు దిగబోతున్నట్టు అనిపించేది. అది భయం కాదమ్మాయ్. భయమైతే నాలుగు తిట్టి లొంగదీసేదాన్ని. నమ్మకం పోయింది. అది పోయాక సైకిల్ ఎందుకని నీకిచ్చాను.

అందుకే చెబుతున్నాను, నీకు నీ ఒళ్లు సహకరిస్తున్నంత కాలం ఎవరి లెక్కలూ వినకు. పళ్లవరసలో కుడి పక్కగా ఒక సన్నని దారి ఉంది. ఊపు తగ్గితే అటు వెళ్లు, పరువు ఏమీ పోదు.

మీ అత్తయ్య

*

గురువారం, మార్చి 15

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చింది. మందు రాస్తున్నాను. కట్టు కూడా కట్టాను, అది మీ మాట వినకముందే అని రాస్తే నమ్మరు.

మీ అనుమతి దొరికాక అంతా తేలికవుతుందనుకున్నాను. ఇంకా చిక్కుపడింది. మొదట మీ అబ్బాయి సంగతి. మీ మాట చెప్పగానే ఆయనకి రోషం వచ్చి నిజంగానే కొత్త టేపు కొన్నాడు. సైకిల్‌ని షాపుకి తీసుకెళ్లి, స్టాండుకి తగిలించి, చక్రాలాయన కళ్లముందే కొలిచాడు. నూట అరవై అయిదు వచ్చింది. చక్రాలాయన వాదన వదిలేసి టీ తెప్పించాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది ఈయనకి. ఇంటికొచ్చి, గోడకి ఆనించి, అదే టేపుతో మళ్లీ కొలిస్తే నూట డెబ్బై అయిదు. కాసేపు టేపునీ, కాసేపు సైకిల్‌నీ చూసి, స్నానం చేసొచ్చి మళ్లీ కొలిచాడు. డెబ్బై అయిదే. "షాపులో ఇనుము ముడుచుకుంటోందా" అని అడిగాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. ఊరి పొలాలన్నీ కొలిచిన తన కళ్ల మీదే అనుమానం వచ్చినట్టుంది. రాత్రి భోజనం దగ్గర "నేను కొలిచిన హద్దులన్నీ మళ్లీ చూసుకోవాలేమో" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు.

తూనీగ తన సైకిల్ ఒక పూట ఇచ్చింది, ఆ నూట యాభై అయిదుది. పళ్లవరస దగ్గర ఎక్కడా తగల్లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పైన గేటు దగ్గర బయలుదేరేటప్పుడు ఎంత తొక్కినా గాలిని తొక్కుతున్నట్టుంది, ఊపు అందదు. ఇంకొకళ్ల డెబ్బై అయిదు మీద దిగితే నిలబడడానికి ఎడంగా, స్థిమితంగా ఉంది, కానీ రాళ్లు పెడళ్లని పలకరిస్తూనే ఉన్నాయి. ఒళ్లు మాట వినే కొలత చూసుకోమన్నారు కదా. నా ఒళ్లు పొద్దున ఒకటి చెబుతోంది, సాయంత్రం ఒకటి చెబుతోంది, అచ్చం మీ అబ్బాయి టేపులా.

ఇంకొక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడాను. మీ ఎడమ కాలి గురించి చదివాక నిన్న మన సైకిల్ ఎక్కితే నాకూ అలాగే అనిపించింది. ఎడమ కాలు గుంటలోకి దిగినట్టు. ఇదివరకు ఉందో లేదో గుర్తులేదు, ఎప్పుడూ గమనించలేదు. మీ ఉత్తరం చదివి నేనే ఊహించుకుంటున్నానేమో. మా దగ్గరకొచ్చేవాళ్లలో కొందరుంటారు, పక్క మంచం ఆయన నడుంనొప్పి వింటే వీళ్లకీ నడుంనొప్పి వస్తుంది. నేనూ అలా తయారయ్యానా?

కానీ ఒకటి గుర్తొచ్చింది. మీ తుంటి ఫిల్ము తీసింది నేనే. రెండు వైపులా ఒకే ఎత్తున ఉన్నాయని అప్పుడే చెప్పాను. "ఫిల్ములో వయసు కనబడదులే" అని మీరు కోటు తొడుక్కుని వెళ్లిపోయారు. డాక్టరు ఒరిగిందన్నాడు, ఫిల్ము ఒరగలేదంది, మీ కాలు గుంటలో ఉందంది. వీళ్లలో ఎవరిని నమ్మాలో నాకు తెలియడం లేదు. క్రాంకుల కోసం మొదలుపెట్టి ఎక్కడికొచ్చానో చూడండి.

పందెం దగ్గరపడుతోంది. ఇంకా ఏ సైజూ తెప్పించలేదు. రేపు మళ్లీ చక్రాలాయన దగ్గరకెళ్లి, ఏదో ఒకటి కళ్లు మూసుకుని చెప్పేస్తాను.

మామయ్యగారికి నా నమస్కారాలు. పంపులు చూసి వచ్చారా?

ఇట్లు,
ఏమీ తేల్చుకోలేని మీ కోడలు

తా.క.

శనివారం. ఈ ఉత్తరం మీద స్టాంపు లేదని మీరు చూసే ఉంటారు. ఇది పోస్టులో రాలేదు. మామయ్యగారే తెచ్చారు.

కవరులో మడిచి బల్ల మీద పెట్టాను, నిన్న డ్యూటీకి వెళ్తూ పోస్టు చేద్దామని. తలుపు చప్పుడైతే తీశాను. మామయ్యగారు, చేతిలో ఆయన పనిముట్ల సంచి. మీకేమైనా అయిందా అని అడిగాను. "మీ అత్తయ్య బాగానే ఉందమ్మా. సైకిల్ ఎక్కడ?" అన్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు, మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పంపులు చూడ్డానికి వెళ్తున్నానని మీతో చెప్పింది అబద్ధం. ఆ సంగతి రాయమని నాతో ఆయనే చెప్పారు.

వరండాలో సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టారు. రెండు క్రాంకులూ ఊడదీసి, గుడ్డతో తుడిచి, కింద న్యూస్‌పేపరు పరిచి పక్కపక్కన పెట్టారు. అత్తయ్యా, అవి రెండూ ఒక పొడుగువి కావు. గొలుసు ఉన్న కుడివైపుది నూట అరవై అయిదు. ఎడమది నూట డెబ్బై అయిదు. తేడా చిటికెన వేలు మందం. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నలుపు. ఎడమదాని మీద అచ్చు బూటు రాపిడికి ఎప్పుడో చెరిగిపోయింది.

షాపులో స్టాండుకి తగిలిస్తే మనవైపుకి వచ్చేది కుడిది. ఇంట్లో గొలుసు మసి బట్టలకి అంటకుండా ఆ వైపు గోడకి ఆనిస్తాం, కాబట్టి మీ అబ్బాయి కొలిచినప్పుడల్లా ఎడమదే కొలిచాడు. ఇద్దరి మాటా నిజమే. ప్రతి ఫిల్ము మీదా కుడి, ఎడమ అని సీసపు అక్షరం పెట్టనిదే నేను బటన్ నొక్కను. అలాంటిదాన్ని ఇన్ని రోజులూ ఆ సైకిల్ చుట్టూ తిరిగి ఒక్కసారి రెండో వైపు చూడలేదు.

మామయ్యగారు ఎడమ క్రాంకుని మళ్లీ తుడిచారు. తర్వాత, నావైపు చూడకుండా చెప్పారు. మీ చివరి ఏడాది మొదటి పందెం ముందు రోజు, ఎడమ క్రాంకులో పెడల్ బిగించే మరలు అరిగిపోయాయట. మీరు దారి చూడ్డానికి కొండెక్కారు. షాపు మూసేశారు. పొద్దున్నకల్లా సైకిల్ సిద్ధంగా ఉండాలని, తన పాత సైకిల్ ఎడమ క్రాంకు ఊడదీసి మీ దానికి బిగించారు. మీరు అడిగితే బాగుచేశానన్నారట. అంతకన్నా చెప్పడానికి ఏముందనుకున్నారట. "పంపుహౌసులో ఏ నట్టు మార్చినా కొలిచే మార్చాను. ఇంట్లో మాత్రం కంటితో చూసి బిగించాను" అన్నారు. మొన్న నా మొదటి ఉత్తరం మీకు చదువుతూ రెండు అంకెలూ పక్కపక్కన కనబడేసరికి ఆయనకి అర్థమైపోయిందట. ఆ వాక్యం రెండోసారి చదివింది అందుకే.

మీ అబ్బాయి ఇది మీకు చెప్పొద్దన్నాడు. "అమ్మ ఇప్పుడిప్పుడే మర్చిపోతోంది. వయసు మీద పెట్టుకుని స్థిమితపడింది. ఇప్పుడు ఈ మాట చెబితే ఇంట్లో మీ ఇద్దరి మధ్య ఇదే మిగులుతుంది" అని వాళ్ల నాన్నతో గట్టిగానే అన్నాడు. ఆ మాటా కొట్టిపారేసేది కాదనిపించింది నాకు. మామయ్యగారు తల అడ్డంగా ఊపారు. "ఆవిడ తన కాలిని తిట్టుకుంటోందిరా. పొద్దున్నే మెట్లు దిగుతూ కూడా తిట్టుకుంటుంది. తిట్టాల్సింది దాన్ని కాదని తెలియాలి కదా" అన్నారు.

మీ తుంటి సంగతంతా దీనివల్లేనని నేను చెప్పలేను. కొంత నిజంగా వయసే కావచ్చు. మీరు పడడానికి కారణం ఇదేనని కూడా ఎవరూ రుజువు చేయలేరు. కానీ నిన్న సాయంత్రం చక్రాలాయన దగ్గర జత క్రాంకు దొరికింది. మామయ్యగారే బిగించారు, ఈసారి కొలిచి, మా ఇద్దరి చేతా కొలిపించి. ఈవేళ పొద్దున దిగాను. గుంట లేదు. పళ్లవరస పక్కన బండ మీద ఆయన నిలబడి ఉన్నారు, నేను దిగిన ప్రతిసారీ. ఒక్కసారి కూడా పెడల్ తగల్లేదు. ఆయన చప్పట్లు కొట్టలేదు, నా కాళ్లనే చూస్తున్నారు.

నూట అరవై అయిదు నా కాళ్లకి సరైనదో కాదో ఇంకా తెలియదు. ఈ పందేనికి మాత్రం దానితోనే దిగుతాను. అంతకన్నా పెద్ద సంగతి, మీకు నేను ఇస్తున్నది మంచి కబురో చెడ్డ కబురో తేల్చుకోలేకపోతున్నాను. మీ కాలు మీకు తిరిగి వచ్చిందని రాయనా, ఇన్నాళ్లు ఊరికే పోయాయని రాయనా? రెండూ నిజమే.

ఎప్పటిలాగే ఈ ఉత్తరం కూడా ఆయనే మీకు చదువుతారు. నేనిది రాస్తుంటే ఎదురుగా కూర్చున్నారు. పైకి చదివి వినిపించాను. ఒక్క ముక్క కూడా తీసేయమనలేదు. చివర్లో ఒక మాట కలపమన్నారు. అది నేను రాయనన్నాను, మీరే చెప్పండి మామయ్యా అన్నాను. ఇక్కడితో కాగితం అయిపోయింది. ఆయన ఇంకా మీ ఎదురుగానే ఉంటారు, ఒక్క నిమిషం ఆగండి.